విషపు పామా కాదా అని చూస్తూ కూర్చోకండి

కాటు చూసి అది విషపు పామో కాదో గుర్తుపట్టవచ్చా అని అడిగారు. పట్టలేరు. మాది దివిసీమ. వరి చేలు, ఎలుక బొరియలు, కాలవ గట్లు, వాటి వెంబడే పాములు. వానాకాలం వచ్చిందంటే అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాటు మాట వినకుండా ఉండం. అక్కడ పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నాను, ఈ ప్రశ్న దగ్గర ఆగిపోవడం వల్లే చాలా ప్రాణాలు పోతున్నాయి.

రెండు గాట్లు పడితే విషం, పళ్ల వరస పడితే విషం లేదు అని వాట్సాప్‌లో ఒక బొమ్మ ఏటా తిరుగుతుంది. మా బాబాయికి ఒక్క గాటూ కనపడలేదు.

నాట్లు అయిపోయిన రోజులు. ఉక్కగా ఉందని బాబాయి వరండాలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపులో మెలిపెడుతోందంటూ లేచి వాంతి చేసుకున్నాడు. రాత్రి తిన్న చేపల పులుసు పడలేదనుకుని పిన్ని వాము నీళ్లు కాచి ఇచ్చింది. ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ అన్నాడు, ఇంజెక్షన్ చేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. వాపు లేదు, నెత్తురు లేదు, పాము అన్న ఆలోచన ఎవరికి వస్తుంది? మా అమ్మకు వచ్చింది. బాబాయి మంచినీళ్లు మింగలేక పెదవి పక్క నుంచి వదిలేయడం ఆవిడ చూసింది. "ఏమయ్యా, కళ్లు పూర్తిగా తెరువు" అంది. తెరవలేకపోయాడు. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. "ఇది కట్లపాము పనే, బండి తియ్యండ్రా" అని ఒక్క కేక వేసింది. వాళ్ల పుట్టింటి ఊళ్లో ఒకాయన అచ్చం ఇలాగే నిద్రలో కాటు పడి చనిపోయాడట.

అప్పటికీ మా వీధి పెద్దమనిషి ఒకాయన ముందు పసరు పోయిద్దామన్నాడు. ఇంకొకాయన కర్ర పట్టుకుని పాము కోసం వెతుకుతున్నాడు, చంపి తీసుకెళితే డాక్టరుకు తెలుస్తుందని. అమ్మ ఎవరి మాటా విననివ్వలేదు. నాన్న, నేను బాబాయిని కారులో పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లాం. దారిలోనే ఊపిరి అందడం తగ్గింది. పెద్దాసుపత్రిలో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు, పాము విషానికి విరుగుడు మందు యాంటీవీనమ్ ఎక్కించారు. కొన్నాళ్లపాటు ఆ మిషనే ఆయనకు ఊపిరి పోసింది. ఇప్పుడు మళ్లీ చేలోకి వెళుతున్నాడు. కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. అవి దెబ్బతిన్నాక మందు పడినా కోలుకోవడానికి రోజులు పడుతుంది, అందాకా ఊపిరి ఆగకుండా చూడాలి.

ఇక పామును వెతకడం ఎందుకు దండగో చెబుతాను. మన దేశంలో దొరికే యాంటీవీనమ్ నాగుపాముకు, కట్లపాముకు, రక్తపింజరికి, చిన్న పింజరికి అన్నిటికీ కలిపి ఒకటే. ఏది కరిచినా అదే సీసా. డాక్టరు చూసేది మనిషిని. పింజరి అనుమానం ఉంటే కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. నీరుకట్టె కరిస్తే యాంటీవీనమ్ అక్కర్లేదు, నిజమే. కానీ చీకట్లో అది నీరుకట్టే అని ప్రాణం పందెం పెట్టి చెప్పేదెవరు? విషం లేని పాముల్లో కూడా కట్లపాము లాగే తెల్ల చారలున్నవి ఉన్నాయి. పైగా చచ్చిన పాము తల కూడా కాసేపటి దాకా కరవగలదు.

మీరు చేయాల్సింది తక్కువే. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేట్టుంటే దొరికిన బండి ఎక్కించండి. నడిపించకండి. కాలికో చేతికో కర్ర ఆనించి వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాచిందంటే అవే కోసుకుపోతాయి. తాడు బిగించి కడితే రక్తం ఆడక కాలే పోవచ్చు. బ్లేడుతో కోస్తే ఇంకా ఘోరం, పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఆ కోత నుంచి కారుతూనే ఉంటుంది. నోటితో పీల్చడం సినిమాల్లో చూసి నేర్చుకున్న పిచ్చి.

పసరుతో బతికినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారని వాదిస్తారు. ఉంటారు. చాలా కాట్లు విషం లేని పాములవే. విషపు పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. వాళ్లంతా పసరు తాగకపోయినా బతికేవాళ్లే.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. ఏడాదికి 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఇంత జరుగుతున్నా మన టీవీలు పామును మెడలో వేసుకున్నవాణ్ణే చూపిస్తాయి. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర అంచులు చాప కిందికి దోపుకుంటే కట్లపాము లోపలికి రాలేదు, ఆ ముక్క ఎవరూ చెప్పరు.

వానలు పడకముందే మీ ఊరి పీహెచ్‌సీకి వెళ్లి అడగండి: యాంటీవీనమ్ సీసాలు ఉన్నాయా, రాత్రిపూట ఎక్కించడానికి డాక్టరు ఉంటారా, దగ్గర్లో వెంటిలేటర్ ఎక్కడుంది అని. పెద్దవాళ్లకు మొదటి విడతే దాదాపు పది సీసాలు కావాలి, పిల్లలకూ అంతే. రెండో మూడో ఉన్నాయంటే సర్పంచ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి.