యెహోషువ సూర్యుణ్ణి ఆపాడంటే, తిరిగేది సూర్యుడనేనా?

సూర్యుడు గిబియోనులో, చంద్రుడు అయ్యాలోను లోయలో నిలిచారని బైబిల్లో యెహోషువ గ్రంథం 10వ అధ్యాయంలో ఉంది కదా, మరి భూమి తిరుగుతుందని బడిలో చెప్పేది తప్పా అని మా కడపలో సండే స్కూలు పిల్లలు అడుగుతుంటారు. తప్పు కాదు. బైబిల్లో ఉన్నది నేల మీద నిలబడి చూసినవాళ్ల మాట. గండికోటలో సాయంత్రం పెన్నా లోయ అంచున కూర్చోండి. ఎదుటి ఎర్రబండల మీద ఎండ మెల్లగా పైకి జరిగి మాయమవుతుంది. ఖగోళశాస్త్రం చదివినవాళ్లు కూడా అక్కడ ‘పొద్దు గుంకింది’ అనే అంటారు. అద్భుతం జరిగిందా అన్నది వేరే ప్రశ్న. జరిగిందనే నేను నమ్ముతాను. పరీక్షలో మాత్రం భూమే తిరుగుతుందని రాయండి.

భూమే తిరుగుతుందని వాదించిన ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో కూడా విశ్వాసే. పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పడమే పరిశుద్ధాత్మ ఉద్దేశం, ఆకాశం ఎలా తిరుగుతుందో చెప్పడం కాదన్న మాటను ఆయన 1615 నాటి లేఖలో ఉదహరించాడు. అయినా 1633లో చర్చి ఆయనకు శిక్ష వేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.