సంతకం పెట్టే ముందు

చిరంజీవి చైతూకి, పిన్ని దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంటు రెండుసార్లు చదివాను. ఆడియో కంపెనీవాళ్లు పాటకు ముప్పై వేలు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టేయనా అని అడిగావు. ఇప్పుడే పెట్టకు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు రాసి, వరస కట్టి, పాడి, రికార్డు చేసుకున్న పాటలో రెండు ఆస్తులున్నాయి. ఒకటి పాట, అంటే సాహిత్యమూ వరసా. రెండోది రికార్డింగ్, దాన్నే మాస్టర్ అంటారు. సినిమా పాటకైతే రచయిత ఒకరు, సంగీత దర్శకుడు ఒకరు, రికార్డింగ్ ఆడియో కంపెనీది. నీ విషయంలో అన్నీ నీ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. సొంతంగా పాడుకునేవాళ్లకి ఉన్న బలమంతా అదే. నాలుగో పేజీ చూడు, ఆ రెండూ కలిపి శాశ్వతంగా, ప్రపంచమంతటా వాళ్లకు రాసిచ్చేస్తున్నావు. పాట మీద హక్కు నువ్వు బతికున్నంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. నీ మనవల దాకా వెళ్లేదాన్ని ముప్పై వేలకు వదిలేస్తావా?

కాపీరైట్ చట్టంలో ఒక సంగతుంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే లెక్క, ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్లు ఆ రెండు మాటలూ పనిగట్టుకుని రాయిస్తారు. 2012లో చట్టాన్ని సవరించాక, రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో, హక్కులు రాయించుకున్నవాళ్లతో సమానంగా వాటా ఉంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. 'ఇకపై ఏ రాయల్టీ కోరను' అన్న వాక్యం ఈ అగ్రిమెంటులో ఉంది. అది తీసేయమని అడుగు. పాట నా దగ్గరే ఉంటుంది, రికార్డింగ్ మాత్రం మూడేళ్లకు లైసెన్సుకి ఇస్తాను అని చెప్పు. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే నీ పాట ఎక్కడికీ పోదు. ఏదైనా సరే, సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించు, ఆ ఫీజు దండగ కాదు.

ఈలోగా ఐపీఆర్ఎస్‌లో రచయితగానూ, స్వరకర్తగానూ సభ్యత్వం తీసుకో. 1969 నుంచీ ఉన్న కాపీరైట్ సొసైటీ అది. రేడియోలో, హోటల్లో, ఈవెంటులో పాట మోగినందుకు లైసెన్సు రుసుం వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. ప్రతి పాటనీ విడిగా నమోదు చెయ్యాలి, అది మర్చిపోకు. ఫ్లూట్ వాయించిన ఆ అబ్బాయితో, కంప్యూటర్‌లో సంగీతం ప్రోగ్రామింగ్ చేసిన అమ్మాయితో ఎవరి వాటా ఎంతో ముందే మాట్లాడి మెయిల్ పెట్టుకో. స్నేహితుల మధ్య లెక్కలేంటని మొహమాటపడతావు, నాకు తెలుసు. పాట నాలుగు చోట్ల వినపడ్డాక ఆ మాట ఎత్తడం ఇంకా కష్టం.

స్టూడియో నుంచి ఆఖరి ఫైలొక్కటే తెచ్చుకోకు. గొంతు, గిటారు, మిగతా వాద్యాలు విడివిడిగా వేవ్ ఫైళ్లు అడుగు, గొంతు లేని ట్రాకూ అడుగు. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టుకో. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించబట్టి మనకు దక్కాయి. కానీ రేకుల మీద రాగం పేరే ఉంది, వరస లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు మళ్లీ వరసలు కట్టాల్సి వచ్చింది. నీ దగ్గర ఫోనుంది. పాట పుట్టిన రోజే పాడి, తేదీ చెప్పి దాచుకో.

విడుదలకి నాలుగు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేరవేసే సంస్థకి, అప్‌లోడ్ చెయ్యి. స్పాటిఫైలో ప్లేలిస్టుల వాళ్లకు పంపడానికి కనీసం 7 రోజుల వ్యవధి కావాలి. ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ రాదు. కాబట్టి స్ట్రీమింగ్ డబ్బుతో అద్దె కడదామని లెక్క వేసుకోకు.

మనుషుల ముందు పాడు. బంజారాహిల్స్‌లోని లామకాన్‌ అనే సాంస్కృతిక వేదిక లాంటి చోటికి వచ్చేవాళ్లు నిజంగా వినడానికే వస్తారు. పబ్బుల్లో సినిమా పాటలు అడుగుతారు, పాడు, కానీ మధ్యలో నీవి రెండైనా పెట్టు. ప్రోగ్రాం ఒప్పుకున్నప్పుడే సగం అడ్వాన్సు తీసుకో. నీ గిటారు శబ్దాన్ని స్పీకర్లకి పంపే పికప్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది చూశావా, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. సౌండ్ చెక్ అయ్యాక కేబుల్ పీకి పక్కన పెట్టు, జేబులో కొత్త బ్యాటరీ ఒకటి ఉంచుకో. పాట మధ్యలో గిటారు గరగరమని మూగబోతే అంతసేపు కుదిరిన మూడ్ మళ్లీ రాదు.

ఉద్యోగం మానేస్తానన్నావని అక్క ఒకటే టెన్షన్ పడుతోంది. నేనూ ఇప్పుడే వద్దంటాను. పాట మీద నమ్మకం లేక కాదు. జీతం వస్తున్నవాడు ఇలాంటి అగ్రిమెంటుకి 'కుదరదు' అనగలడు. ఒకటో తారీఖు అద్దె మెడ మీదికొస్తే ఎంత తెలిసినవాడైనా సంతకం పెట్టేస్తాడు. ఆరు నెలల ఖర్చు చేతిలో పడి, నెలనెలా నాలుగు ప్రోగ్రాములు వాటంతటవే వస్తున్నప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ఇక కొత్త పాట. పల్లవి నాకు చాలా నచ్చింది, పనులు చేసుకుంటూ పాడుకుంటూనే ఉన్నాను. రెండో చరణంలో 'గడప' అన్న మాట దగ్గర వరస సాగి 'గడాప' అని వినపడుతోంది. మన భాషలో దీర్ఘం ఒక్కటి పెరిగినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ స్వరాన్ని కుదించు, లేదా అక్కడ 'వాకిలి' పెట్టి చూడు, మొదటి అక్షరమే దీర్ఘం కాబట్టి సాగినా అందంగా ఉంటుంది. మార్చాక వాయిస్ మెసేజ్ పెట్టు, గిటారు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
పిన్ని