జపాన్ వెళ్ళినప్పుడు అక్కడి ఊళ్ళలో ఏం తిన్నారు? ఇంటికి ఏం తెచ్చుకున్నారు?

టోక్యో, ఒసాకా తిండి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను ఆఫీసు పని మీద కొంతకాలం నాగోయాలో ఉన్నాను, సెలవు దొరికితే రైలెక్కేవాణ్ణి. అందుకే నా జవాబు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది.

ముందు తకయామా. నాగోయా నుంచి హిదా ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటలు, దారంతా కొండలూ నదులే. పొద్దున్నే మియాగవా నది ఒడ్డున సంత జరుగుతుంది. కూరగాయలు, ఎర్ర టర్నిప్ ఊరగాయ, చేత్తో కుట్టిన బొమ్మలు అమ్ముతుంటారు. అక్కడ మితరాషి దాంగో తినకుండా రాకండి. బియ్యప్పిండి ఉండల్ని పుల్లకు గుచ్చి, సోయా సాస్ పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. మిగతా జపాన్‌లో దీని మీద తియ్యటి పాకం పోస్తారు, తకయామాలో మాత్రం ఉప్పగానే ఇస్తారు. పైన కాలిన సోయా వాసన, లోపల మెత్తగా సాగే పిండి. మన నాలుకకు ఈ ఉప్పదే నప్పుతుంది.

ఆ ఊళ్ళోదే ఇంకోటి, హోబా మీసో. బల్ల మీదే చిన్న కుంపటి పెట్టి, దాని మీద రెండు అరచేతులకన్నా పెద్దదైన ఎండు మాగ్నోలియా ఆకు పరుస్తారు. అందులో మీసో (సోయా చిక్కుళ్ళు పులియబెట్టి చేసే ఉప్పటి ముద్ద), ఉల్లికాడలు, పుట్టగొడుగులు. ఆకు అంచులు కమిలేసరికి మీసో కుతకుతలాడుతుంది. అక్కడివాళ్ళు కొద్దికొద్దిగా తీసి అన్నం మీద పెట్టుకుంటారు. నేను వేడన్నంలో వేసి శుభ్రంగా కలిపేశాను, వడ్డించే పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. చాలాచోట్ల దీని మీద హిదా గొడ్డుమాంసం కూడా వేస్తారు, వద్దనుకుంటే ముందే చెప్పాలి.

శాకాహారులకు అసలు చిక్కు మాంసంతో కాదు, 'దాషి'తో. ఎండబెట్టిన చేపతో కాచిన ఆ నీళ్ళు సూపులో, నూడుల్స్‌లో, ఉడికించిన కూరల్లో కూడా ఉంటాయి. నిశ్చింతగా తినాలంటే కోయాసాన్ వెళ్ళండి. కూకై అనే బౌద్ధాచార్యుడు 816లో మొదలుపెట్టిన క్షేత్రం. గుళ్ళలోనే బస, అక్కడ పెట్టే శోజిన్ భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నువ్వుల ముద్దను కుద్జు దుంపల పిండితో ఉడికించి చేసే గోమా దోఫు కోసమే మళ్ళీ వెళ్ళొచ్చు. అక్కడి ఒకునోయిన్ శ్మశానంలో రాళ్ళ మీద 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో సంస్కృత బీజాక్షరాలు కనిపిస్తాయి, ఓపిక ఉంటే చూడండి.

ఇక తెచ్చుకునేవి. ఊరెళ్ళొచ్చినవాళ్ళు ఆఫీసులో ఆ ఊరి తినుబండారం పంచడం జపాన్‌లో తప్పనిసరి మర్యాద. రాజమండ్రి వైపు వెళ్తే ఆత్రేయపురం పూతరేకులేవని అడుగుతాం చూడండి, అలాగన్నమాట. అందుకే ప్రతి స్టేషన్‌లోనూ ఆ ఊరి పెట్టెలే వరసగా ఉంటాయి. లోపల ఒక్కోటీ విడిగా చుట్టి ఉంటుంది, పంచడానికి హాయి.

కొనేముందు తేదీ చూడండి, సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది. క్యోటో నామా యత్సుహాషి (దాల్చినచెక్క వాసనతో మెత్తటి బియ్యప్పిండి మిఠాయి, లోపల ఎర్ర చిక్కుడు ముద్ద) ఎక్కువ రోజులు నిలవదు, కాల్చిన గట్టి రకం నిలుస్తుంది. హిరోషిమా వైపు మోమిజి మంజూలో (మేపుల్ ఆకు ఆకారంలో ఉండే చిన్న కేకు) గుడ్డు పడుతుంది. గుడ్డు ముట్టని పెద్దవాళ్ళుంటే పెట్టె మీద అలర్జీ వివరాలు ఫోన్‌తో అనువదించి చూసుకోండి. నాగోయా ఉయిరో బియ్యప్పిండి, పంచదారతో ఆవిరి మీద వండుతారు. నాకిష్టమే, మా ఇంట్లో మాత్రం ఒక ముక్క కొరికి పక్కన పెట్టేశారు.

మా ఇంట్లో నిజంగా ఖాళీ అయింది నాగానోలో జెంకోజి గుడి దగ్గర కొన్న షిచిమి డబ్బా. మిరపకాయ, నువ్వులు, నారింజ తొక్కలాంటి ఏడు దినుసుల పొడి. యవతయా ఇసోగోరో అనే ఆ కొట్టు 1736 నుంచీ ఉంది. పెరుగన్నంలో చిటికెడు వేసుకుంటే అదిరిపోతుంది. పిల్లలకు తకయామా సారుబోబో బొమ్మ చాలు, ఎర్రగా ఉంటుంది, కళ్ళూ ముక్కూ ఉండవు, పెళ్ళికీ కాన్పుకీ మంచిదని నమ్ముతారు.

మీసో, ఊరగాయ కొంటే మాత్రం చెక్-ఇన్ పెట్టెలో సర్దండి. చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సి వస్తుంది.