హద్దాద్ అని పేరు పెట్టిన అమ్మాయికి

చిరంజీవి రచయిత్రికి,

నీ కథ అంది మూడు వారాలైంది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. రెండోసారి కోపంగా చదివాను. నిన్న రాత్రి కరెంటు పోయి చీకట్లో కూర్చున్నప్పుడు ఎనిమిదో పేజీ గుర్తొచ్చింది. అది గుర్తు రాకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ పేజీ సంగతి చివర్లో చెబుతాను, మర్చిపోకపోతే.

కువైట్‌లో ఒక ముసలాయన్ని చూసుకోవడానికి వెళ్లిన మన నర్సు కథ రాశావు. ఆ ముసలాయనకి హద్దాద్ అని పేరు పెట్టావు. మూడో పేజీలోనే, 'హద్దాద్ అంటే ఇనుము, పేరుకు తగ్గట్టే ఆయన గుండె కూడా ఇనుమే' అన్నావు. పన్నెండో పేజీకి ఆ ఇనుము కరిగింది. మరి మధ్యలో ఎనిమిది పేజీలు నేనెందుకు చదివినట్టు? ఇనుము అని నువ్వు అన్నప్పుడే అది కరుగుతుందని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారమ్మా.

పైగా అది ఇనుము కూడా కాదు. ఇనుముని హదీద్ అంటారు. హద్దాద్ అంటే కమ్మరి. అరబ్బీలో మాటల్ని పోసే ఒక మూస ఉంది. మూడు హల్లుల ధాతువు, అంటే మాటకి మూలం, తీసుకుని, నడిమి హల్లుని ఒత్తి పలికి, దాని పక్కన దీర్ఘం పెడితే ఆ పని రోజూ చేసే మనిషి తయారవుతాడు. నజ్జార్ వడ్రంగి, ఖబ్బాజ్ రొట్టెలు కాల్చేవాడు, ఖయ్యాత్ దర్జీ, సబ్బాగ్ బట్టలకు రంగులు అద్దేవాడు. ఇవన్నీ ఇవాళ ఇంటిపేర్లు. ఈ మూస నీకు కొత్తేమీ కాదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ, బేరం కుదిర్చే దళారీ, పాత రోజుల్లో నాణెం మంచిదో చెల్లనిదో చూసి చెప్పిన షరాబు, ముగ్గురూ అందులోంచి పడ్డవాళ్లే. హమ్మాల్, దల్లాల్, సర్రాఫ్. మన నోళ్లలో నలిగి ఒత్తులు పోగొట్టుకున్నారు, అంతే.

ఇంకో సంగతి. నీ కథలో 'హద్దు' అనే మాటని నేను పెన్సిలుతో లెక్కపెట్టాను. పదకొండు సార్లు వచ్చింది. ఆడపిల్ల హద్దులు, ఇంటి హద్దులు, ఎడారికి హద్దు లేకపోవడం. అది హద్దాద్ పక్కింటి మాటే తల్లీ. అరబ్బీలో హద్ద్ అంటే అంచు, కత్తి వాదర, పొలం గట్టు, దాటకూడని గీత. హదీద్, హద్దాద్ కూడా ఆ ధాతువులోవే. ముందు పర్షియన్ వాళ్ల 'సర్'ని తగిలించుకుని సరిహద్దుగా కూడా మనింటికొచ్చి కూర్చుంది. పొలాల తగాదాలన్నీ ఆ మాట మీదే కదా మనకి. నువ్వు రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని కూడా చూసుకోలేదు. చూసుకోనందుకు ఒక రకంగా సంతోషం. చూసుంటే దాన్ని కూడా ఒక వాక్యంలో విప్పి చెప్పేసేదానివి.

ఇక నీ అసలు తప్పు. ఆ ముసలాయన్ని ఒక ఎడారి తెగకి పెద్దని చేశావు. గుడారం, ఒంటెలు, వంశగౌరవం. అలాంటి ఇంటికి హద్దాద్ అనే పేరెలా వస్తుంది? అరేబియా ఎడారి తెగల్లో ఇనుప పని చేసేవాళ్లని తక్కువగా చూసేవాళ్లు. వాళ్లు చేసిచ్చిన కత్తి కావాలి, వాళ్లింటి పిల్ల మాత్రం వద్దు. ఇది నీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో కొలిమి ఎక్కడ ఉండేదో, నాగలికర్రు సాగగొట్టినందుకు కమ్మరికి కళ్లంలో ఏం కొలిచేవాళ్లో మీ అమ్మమ్మనడుగు. హద్దాద్‌లు ఎక్కువగా ఉన్నది లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ ఊళ్లలో, పట్నాల్లో. ప్రతి ఊరికీ ఒక కమ్మరి కావాలి కాబట్టి ప్రతి ఊళ్లోనూ ఆ పేరు విడిగా పుట్టింది. అందుకని ఇద్దరు హద్దాద్‌లు కలిస్తే చుట్టాలని అనుకోవడానికి వీల్లేదు. క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, ట్యునీషియా యూదుల్లో కూడా ఉన్నారు. పేరు చూసి మతం చెప్పలేం. ఇది కథ రాసేవాడికి ఎంత పెద్ద వరమో ఆలోచించు. నువ్వేమో మొదటి పేరాలోనే ఆయన చేత నమాజు చేయించేశావు.

గల్ఫ్‌లో ఆ పేరే లేదని కాదు. బహ్రెయిన్‌లో ఖాసిం హద్దాద్ అని మంచి కవి ఉన్నాడు, 1948లో పుట్టాడు. ట్యునీషియాలో తాహర్ హద్దాద్ ఆడవాళ్ల హక్కుల మీద 1930లో పుస్తకం రాసి, సొంతవాళ్ల చేతే తిట్లు తిని, 1935లో ముప్పై ఆరేళ్లకే పోయాడు. అల్జీరియాలో 1871లో ఫ్రెంచి వాళ్ల మీద లేచిన తిరుగుబాటుకి పిలుపునిచ్చిన ముసలి షేక్ పేరూ అదే. బ్రెజిల్‌లో ఫెర్నాండో హద్దాద్ సావ్ పౌలోకి మేయరుగా చేశాడు, 2018లో అధ్యక్ష ఎన్నికల్లో ఓడాడు, 2023లో ఆర్థికమంత్రి అయ్యాడు. వాళ్ల నాన్న లెబనాన్ నుంచి వచ్చి బట్టల వ్యాపారం చేశాడు. కమ్మరి ఇంటిపేరు పెట్టుకుని గజం బద్దతో గుడ్డ కొలిచాడు. నాకు ఆ గజం బద్ద కావాలి. నీ ఇనుప గుండె వద్దు.

ఆ ముసలాయన తమ్ముణ్ణి అమెరికా పంపావు. న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపంలో గుమస్తా నోరు తిరగక హద్దాద్‌ని స్మిత్ అని రాసేశాడన్నావు. ఈ గుమస్తాని చంపేయాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఉంది. ఎన్ని కథల్లో వస్తాడో! ఆ ద్వీపంలో 1892 నుంచి వలసవాళ్లని పరీక్షించిన మాట నిజమే. కానీ అక్కడి వాళ్లు పేర్లు రాసుకోలేదు. ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితాని ముందు పెట్టుకుని టిక్కులు పెట్టారు. పక్కన దుబాసీలు కూడా ఉండేవాళ్లు. పేర్లు మారింది తర్వాత. బడిలో పిల్లలు ఎగతాళి చేశారని, కొట్టు బోర్డు మీద బాగుంటుందని, ఉద్యోగం వస్తుందని ఎవరికి వాళ్లే మార్చుకున్నారు. హద్దాద్‌ని స్మిత్ చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ఆ విషయం ఎవరు ఎత్తారు, వాళ్ల అమ్మ ఏమంది? అక్కడుంది కథ. నువ్వు దాన్ని గుమస్తా నెత్తిన పెట్టి తప్పించుకున్నావు.

చివరి పేజీలో ఉరుముల దేవుడు హదద్‌ని తెచ్చావు చూడు, అక్కడ కాగితాలు విసిరేశాను. ఆయన పాత సిరియా దేవుడు. డమాస్కస్‌లో ఇవాళ ఉమయ్యద్ మసీదు ఉన్నచోట ఒకప్పుడు ఆయన గుడి ఉండేది. ఆ పేరుకీ ఈ పేరుకీ సంబంధం లేదు. 'హ' కూడా ఒకటి కాదు. అరబ్బీలో హద్దాద్‌కి గొంతు లోపలి నుంచి రాపిడితో వచ్చే 'హ' ఉంది, మన తెలుగులో రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి నీకు కలిసిపోయాయి. నీకు అంతగా అక్షరాలతో ఆడాలని ఉంటే ఒకటి చెబుతాను. అరబ్బీలో మామూలుగా హ్రస్వాలు రాయరు, ఒత్తూ రాయరు. అందుకని కమ్మరిని చెప్పే హద్దాద్, సంతాపాన్ని చెప్పే హిదాద్, కాగితం మీద రెండూ ఒకలాగే ఉంటాయి. మొగుడు పోయిన ఆడమనిషి పాటించే మైలకీ అదే మాట, పెద్దవాళ్లు పోతే ప్రభుత్వం ప్రకటించే సంతాప దినాలకీ అదే మాట. నీ నర్సు చావు దగ్గర కూర్చున్న మనిషి. ఆమెకి అరబ్బీ చదవడం సగమే వచ్చు. మందుల చీటీ మీద ఆ పేరుని ఆమె ఎలా చదువుతుంది? చెప్పాను కదా, ఇంక వాడకు. వాడితే నాకు తెలిసిపోతుంది.

నీ మీద ఇంత కోపం ఎందుకంటే, ఈ తప్పు నేను నీకన్నా ముందు చేశాను. నా రెండో కథో మూడో కథో. అందులో దూదేకుల మనిషి ఒకడున్నాడు. 'దూది ఏకే జాతి కదా, మనసూ దూది పింజే' అని రాసుకుని రెండు రోజులు మురిసిపోయాను. కథ అచ్చయిన పది రోజులకి పోస్టు కార్డు వచ్చింది. రాసినాయన రిటైరైన బడి పంతులు, నూర్‌బాషా మనిషి, అంటే దూదేకులాయనే. 'మా నాయన ఏకిన దూది మీకు ఉపమానం అయింది. ఆయనకి దగ్గు అయింది. రాత్రంతా దగ్గేవాడు, మేం నిద్రపోయేవాళ్లం కాదు.' అంతే, సంతకం. దూదేకుల వాళ్లకి లద్దాఫ్ అని ఇంకో పేరుంది, నీకు తెలుసో లేదో. నద్దాఫ్ అనే అరబ్బీ మాట అలా నలిగింది. హద్దాద్‌కి ఉన్న మూసే, మధ్యలో ఒత్తు, పక్కన దీర్ఘం. ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. దానికి జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. ఇంటిపేరుకి అర్థం ఉంటుంది, కానీ అది మోస్తున్నవాడిది కాదు. ఎప్పుడో పోయిన ముత్తాతది. బతికున్నవాడికి అది ఫారంలో ఒక గడి, బ్యాంకులో ఒక పిలుపు, పెళ్లి సంబంధం దగ్గర ఒక ఇబ్బంది. నువ్వు రోజుకి ఎన్నిసార్లు నీ ఇంటిపేరు అర్థం తలుచుకుంటావు? మరి ఆయనెందుకు తలుచుకుంటాడు?

దీని మీద నేను పత్రికల వాళ్లతో పడ్డ గొడవ చెబితే రామాయణం. ఒక వారపత్రికకి కథ పంపాను, అందులో పాత్రకి 'బావజీర్' అని ఇంటిపేరు. అచ్చులో చూస్తే రహీం అయింది. అడిగితే ఎడిటరుగారు నవ్వి, 'ముస్లిం అని పాఠకుడికి వెంటనే తెలియాలి కదండీ' అన్నారు. మన కథల్లో ముప్పై ఏళ్లు రహీమూ కరీమూ తప్ప మూడో ముస్లిం పుట్టలేదంటే ఆ నవ్వే కారణం. ఇప్పుడు దానికి ఎదురు ఫ్యాషన్ వచ్చింది. గూగుల్‌లో అర్థం వెతికి పెట్టిన పేర్లు, ప్రతి పాత్రా ఒక నిఘంటువు. మొదటిదానికంటే ఇదేం మేలో నాకు తెలియదు.

ఆ బావజీర్ నాకు బార్కస్‌లో దొరికాడు. నువ్వు హైదరాబాద్‌లోనే ఉంటున్నానన్నావు, ఎప్పుడైనా వెళ్లావా? నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వాళ్ల వాడ అది. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. నేను వెళ్లినప్పుడు ఒక జామకాయల బండి దగ్గర పెద్దాయనొకడు నాకు ఇంటిపేర్లు లెక్కపెట్టాడు, 'బా' తో మొదలయ్యేవి, 'బిన్' తో మొదలయ్యేవి. వాళ్ల హద్రమౌత్‌లో కూడా హద్దాద్‌లు ఉన్నారు. తరీమ్ పట్నంలో 1634లో పుట్టిన ఇమామ్ అబ్దుల్లా అల్‌హద్దాద్ ఆ ఇంటివాడే. చిన్నప్పుడే మశూచికంతో చూపు పోయింది. ఆయన కూర్చిన ప్రార్థనలని ఇవాళ కేరళ నుంచి ఇండోనేషియా దాకా సాయంత్రాలు కలిసి కూర్చుని చదువుతారు. ఆ ఇంటివాళ్లు ప్రవక్త వంశం, కమ్మర్లు కారు. మరి పేరెలా వచ్చింది? వాళ్ల పూర్వీకుడొకాయన ఎక్కువగా ఒక కమ్మరి కొట్టులో కూర్చునేవాడట. అంతే! కూర్చున్నందుకు పేరొచ్చింది. చూశావా, ఇనుము ముట్టకుండా, కొలిమి ఊదకుండా, కబుర్లు చెప్పుకుంటూ అరుగు మీద కూర్చున్నవాడి పేరు ఇన్ని వందల ఏళ్ల తర్వాత సముద్రాలు దాటి వినిపిస్తోంది. నాకు ఆ కమ్మరి గురించి తెలుసుకోవాలని ఉంది. ఆయన పేరు ఎవరూ చెప్పలేదు.

సరే, ఎనిమిదో పేజీ. ఆస్పత్రిలో అందరూ మన నర్సుని 'కొండపల్లి, కొండపల్లి' అని పిలుస్తుంటారు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పాస్‌పోర్టులో అది ఏ గడిలోకో పోయింది. ఆరేళ్లుగా ఆమె ఎప్పుడూ చూడని ఒక ఊరి పేరుకి పలుకుతోంది. ముసలాయన ఒక్కడే, 'అది మీ తాత ఊరు. మీ అమ్మ నిన్నేమంటుంది?' అని అడుగుతాడు. ఆమె చెప్పదు. దిండు సర్దుతుంది. ఆ దిండు సర్దడం దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ ఆయన ఎవరి కొడుకో, ఏ తెగో, గుండె ఏ లోహమో నాకు అక్కర్లేకపోయింది. అది రాసింది నువ్వేనా అని అనుమానం కూడా వచ్చింది, ఏమనుకోకు.

కథ తిరిగి పంపుతున్నాను. మూడో పేజీలో రెండు వాక్యాలు, గుమస్తా పేరా, చివరి పేజీ మొత్తం ఎర్ర సిరాతో కొట్టేశాను. గుడారం తీసేసి ఆయనకి ఒక ఇల్లు, ఒక కొట్టు ఇవ్వు. ఏం అమ్మేవాడో నువ్వే తేల్చుకో, ఇనుప సామాన్లు మాత్రం వద్దు. ఎనిమిదో పేజీ మీద నా కాఫీ మరక పడింది, మళ్లీ టైప్ చేయించుకో.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఇంకేదో కూడా అడిగావు. ఉత్తరం ఎక్కడో పెట్టాను, కనబడ్డం లేదు. బార్కస్ వెళ్తే మాత్రం జామకాయల కాలంలో వెళ్లు. నాకు ఓ కిలో తెచ్చిపెట్టు, పచ్చివి కాదు, పళ్లు సహకరించడం లేదు.

మీ మాస్టారు