కొత్తింట్లో పిల్లలతో

అమ్మలూ,

ఇల్లు ఫొటోల్లో చూశాను. వెలుతురు బాగుంది, వంటగదిలో గాలి ఆడేలా ఉంది. సామాను సగం అట్టపెట్టెల్లోనే ఉందనీ, ఒక పెట్టె విప్పేసరికి పాప ఇంకో పెట్టెలో దూరిపోతోందనీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదనీ మీ అమ్మతో అన్నావట. ఫోన్లో చెబుదామంటే పిల్లల గోలలో సగం మాట వినపడదు. అందుకే రాస్తున్నాను. పాప పడుకున్నాక నిదానంగా చదువుకో, మీ ఆయన చేత కూడా చదివించు.

నా ఉద్యోగమంతా పిల్లల వార్డులోనే గడిచిందని నీకు తెలుసు. ఒళ్లు కాలిన పిల్లలు, ఏవేవో మింగేసిన పిల్లలు, మేడ మీంచి పడ్డ పిల్లలు వస్తూనే ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందికి అది జరిగింది సొంతింట్లోనే, అమ్మ పక్క గదిలో ఉండగానే. ఆ తల్లులేమీ అజాగ్రత్త మనుషులు కారు. ఇల్లు పెద్దవాళ్లకి తగ్గట్టు సర్దుకుని, పిల్లల్ని మాటతో ఆపొచ్చనుకున్నారు. పదిహేను నెలల పిల్లని మాటతో ఆపలేం. నాలుగేళ్లవాడు మాట వింటాడు గానీ, ఆటలో పడితే మరిచిపోతాడు. ఇంట్లో నువ్వు "వద్దు" అనాల్సిన చోట్లు ఎంత తగ్గిస్తే నీకూ వాళ్లకీ అంత సుఖం. సామాను సర్దేటప్పుడు ఇదొక్కటి మనసులో పెట్టుకో. కర్టెన్లూ షోకేసులూ ఆర్నెల్లు ఆగినా ఎవరికీ నష్టం లేదు.

ముందు తలుపుల సంగతి చూడు. కొత్త ఫ్లాట్లలో మెయిన్ డోరుకి నైట్ లాచ్ పెడుతున్నారు. దగ్గరికేస్తే చాలు, దానంతటదే పడిపోతుంది. పొద్దున్నే పాల ప్యాకెట్టు తీసుకోవడానికో, చెత్తబుట్ట బయట పెట్టడానికో రెండడుగులు వేస్తావు. బాల్కనీ తలుపు తీసి ఉంటే ఆ గాలికి మెయిన్ డోరు ధడేల్మని పడుతుంది. లోపల పొయ్యి మీద కుక్కరు, ఇద్దరు పిల్లలు. నీ చేతిలో ఫోను కూడా ఉండదు. ఇది ఎవరికో జరిగే అరుదైన విషయం అనుకోకు, అపార్టుమెంట్లలో తరచూ జరిగేదే. లాచ్‌కి లోపలివైపు చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని నొక్కిపెడితే తలుపు పడినా తాళం పడదు. మీ లాచ్‌కి అది ఎటు నొక్కాలో ఇద్దరూ చూసి పెట్టుకోండి. ఒక తాళంచెవి మీ ఆయన బ్యాగులో ఉండాలి, ఇంకొకటి ఎదురు ఫ్లాట్‌లో నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. కొత్తవాళ్లకి తాళంచెవి ఎలా ఇస్తామని మొహమాటపడతావేమో. వాళ్లతో నాలుగు రోజులు మాట్లాడి చూడు, తెలుస్తుంది.

లోపలి తలుపులు ఇంకో తలనొప్పి. బాత్‌రూం తలుపుకి కింద ఉన్న గడియ పిల్లాడికి అందుతుంది. లోపలికి వెళ్లి వేసుకుంటాడు, తీయడం రాదు. వడ్రంగి వచ్చినప్పుడు ఆ కింది గడియ తీయించెయ్, పైది చాలు. బెడ్‌రూం గుండ్రటి తాళాల చెవులు బిల్డరు ఇచ్చిన గుత్తిలో ఉండి ఉంటాయి. ఏది ఏ గదిదో రంగుదారం కట్టి, హాల్లో పిల్లలకి అందని ఎత్తులో మేకుకి తగిలించు. ఎప్పుడైనా పిల్లాడు లోపల ఇరుక్కుంటే తలుపు బాదకు, అరవకు. నీ గొంతులో భయం వినగానే వాడు బిగుసుకుపోతాడు, నువ్వు చెప్పేది చెవికెక్కదు. కింద సందులోంచి బొమ్మో బిస్కెట్టో తోసి, కబుర్లు చెబుతూ ఉండు. ఈలోగా ఇంకొకరు తాళం సంగతి చూస్తారు.

నాలుగో అంతస్తు కాబట్టి బాల్కనీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒక స్కేలు తీసుకుని కమ్మీల మధ్య సందు కొలువు. నాలుగంగుళాలు దాటితే పాప ఒళ్లు అందులో పట్టేస్తుంది. కమ్మీలు అడ్డంగా ఉంటే పిల్లాడు పట్టుకుని ఎక్కేస్తాడు. ఈ రెంటిలో ఏది ఉన్నా పైదాకా గ్రిల్ వేయించాల్సిందే. ఇనుప గ్రిల్‌తో బయటి అందం పోతుందని అసోసియేషన్ వాళ్లంటే, ఇప్పుడు స్టీలు తీగలతో బిగించే ఇన్‌విజిబుల్ గ్రిల్స్ వచ్చాయి కదా, అవైనా సరే. ఈ ఖర్చు మాత్రం వాయిదా వేయకు. సోఫా సెట్ ఆగొచ్చు, ఇది ఆగకూడదు. గ్రిల్ పడేదాకా బాల్కనీ తలుపుకి పై గడియ వేసే ఉంచు. బాల్కనీలో కుర్చీ, స్టూలు, పూలకుండీ, ఖాళీ సిలిండరు లాంటివి ఏవీ ఉండకూడదు. కిటికీకి దోమల మెష్ ఉంది కదా అని ధైర్యపడకు, అది పిల్ల బరువుని ఆపదు.

కొత్తిల్లు చూడ్డానికి వచ్చే పెద్దవాళ్లు మంచం తల ఏ దిక్కున ఉందో చూస్తారు. కిటికీకి ఎంత దూరంలో ఉందో ఎవరూ చూడరు. నువ్వు చూడు. మంచం, సోఫా, పుస్తకాల అర, ఏదైనా సరే కిటికీ కింద వద్దు. బీరువానీ టీవీ స్టాండునీ గోడకి క్లాంపులతో బిగించమను. సొరుగులు లాగి వాటి మీద కాలు పెట్టి ఎక్కడం పిల్లలకి సరదా. బరువంతా ముందుకొచ్చి మొత్తం మీద పడుతుంది.

ఇక నీళ్లు. కొత్త చోట నీళ్లు ఎప్పుడు వస్తాయో, ట్యాంకర్ ఎప్పుడు వస్తుందో తెలియక ఉన్న బకెట్లన్నీ నింపి పెట్టుకుంటాం. పాప వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్టులోకి వంగితే తలకిందులుగా పడుతుంది, తనంతట తాను లేవలేదు. రెండంగుళాల నీళ్లు చాలు, అమ్మలూ. చప్పుడు కూడా రాదు. సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులు కొట్టుకుంటూ అరిచినట్టు అరవరు. స్నానాలవగానే బకెట్లు బోర్లించడం అలవాటు చేసుకో. నింపి ఉంచక తప్పని డ్రమ్ముకి గట్టిగా బిగుసుకునే మూత కొను. బాత్‌రూం తలుపు బయటి గడియ ఎప్పుడూ వేసే ఉండాలి. కింద సంపు మూత ఎలా ఉందో, దానికి తాళం ఉందో లేదో ఒకసారి వెళ్లి నీ కళ్లతో చూసిరా. మూత సరిగ్గా లేకపోతే వాచ్‌మన్‌తో చెప్పి వదిలెయ్యకు, మార్చేదాకా అసోసియేషన్ వాళ్ల వెంటపడు.

గీజర్ వేడి 50 డిగ్రీలు దాటకుండా పెట్టించు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, పిల్లల చర్మం మనకంటే పల్చన కాబట్టి ఇంకా త్వరగా. బకెట్టులో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేడినీళ్లు. ఎప్పుడైనా కాలితే కుళాయి కింద పారే నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టు. పేస్టు, పసుపు, సిరా, నెయ్యి, ఐస్ ముక్కలు ఏవీ పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టమన్నా వినకు. వార్డులో ఆ పూతలన్నీ కడగడంతోనే పిల్లలకి సగం బాధ.

కరెంటు బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు, 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి. గ్యాస్ రబ్బరు ట్యూబు మీద తేదీ చూడు, అయిదేళ్లు దాటితే మార్చు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపెయ్. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్.

గృహప్రవేశం అయిన ఇంట్లో పూజసామాన్లు అక్కడో డబ్బా ఇక్కడో డబ్బా ఉంటాయి. అందులో కర్పూరం ఉంటుంది చూడు, అది నాకు చాలా భయం. పిల్లలకి దానికీ పటికబెల్లానికీ తేడా తెలియదు. కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా అంతే, ఈ పిల్లలు పెద్దయ్యేదాకా నీ ఇంట్లో అవి వద్దే వద్దు. రంగులు వేసినవాళ్లు వదిలేసి వెళ్లిన థిన్నర్, టర్పెంటైన్, బాత్‌రూం యాసిడ్, ఇవి కూల్‌డ్రింక్ సీసాల్లో ఉంటే వెంటనే పారేయించు. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు పట్టకూడదు. ఆ సీసాతో సహా ఆసుపత్రికి పరిగెత్తాలి. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగిందని అనుమానం వచ్చినా అంతే. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. రేపు దొడ్డికి వెళ్తే వచ్చేస్తుందిలే అని ఆగొద్దు, ఎక్స్‌రే తీయించు.

ఇదంతా చదివి టెన్షన్ పడకు. ఒక ఆదివారం మీ ఇద్దరూ పూనుకుంటే ఇందులో సగం పైగా అయిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుని గది గదీ తిరగండి. పాప కళ్లకి ఏం కనపడుతుందో, చేతికి ఏం అందుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఇక రోజు గడవడం గురించి. పెద్దాడు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడనీ, పాత ఇంటికి వెళ్దామని ఏడుస్తున్నాడనీ విన్నాను. దానికి వాణ్ణి తిట్టకు, నలుగురిలో చెప్పి సిగ్గుపడేలా చెయ్యకు. మనకి ఇది సొంతిల్లు. వాడికి మాత్రం తెలిసిన గోడలూ, ఆడుకునే పక్కింటి పిల్లాడూ, వీధి చివర కుక్కా అన్నీ ఒక్క రోజులో పోయాయి. వాడి పాత దుప్పటి ఉతక్కుండానే కొన్నాళ్లు వాడనివ్వు, ఆ వాసనకే సగం నిద్రపడుతుంది. అన్ని పెట్టెలకంటే ముందు వాడి బొమ్మల పెట్టె విప్పు. ఇల్లు మారాక కొన్ని వారాల్లో ఇది దానంతటదే సర్దుకుంటుంది. చాలాకాలం తగ్గకపోతేనో, మూత్రం పోసేటప్పుడు మంట అంటేనో డాక్టరుకి చూపించు.

నిద్రవేళ, తిండివేళ మాత్రం పాత ఇంట్లో ఎలా ఉండేవో అలాగే పట్టుకో. పాప వయసుకి పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, వాడి వయసుకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. సామాను సర్దే హడావిడిలో పిల్లల నిద్ర చెడితే మర్నాడంతా నీకే కష్టం. మొదటి నెల వంటలో ఆర్భాటాలు వద్దు. పప్పన్నంలో నెయ్యి, పెరుగన్నం, రాగిజావ, అరటిపండు చాలు. వేరుశెనగపప్పులు, బత్తాయి గింజల్లాంటివి పాపకి అందనివ్వకు. ద్రాక్షపండు పెడితే నిలువుగా కోసి పెట్టు. పనయ్యేదాకా ఇద్దరికీ ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాలనిపిస్తుంది, తెలుసు. రెండేళ్లలోపు పిల్లలకి అసలు వద్దనీ, నాలుగేళ్లవాళ్లకి రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోనుకి బదులు వంటింట్లో కింది అరలో స్టీలు గిన్నెలూ, ప్లాస్టిక్ డబ్బాలూ పెట్టు. పాప చప్పుడు చేసుకుంటూ నీ కళ్ల ముందే ఆడుకుంటుంది. కుక్కరూ కాగే నూనే మాత్రం లోపలి పొయ్యి మీదే, గిన్నె కాడ గోడవైపు తిప్పి.

గోడల గురించి నీకు బెంగ ఉంటుంది. అప్పు చేసి కొనుక్కున్న ఇల్లు, కొత్త రంగు. హాల్లో ఒక గోడ కింది సగం పిల్లలకి ఇచ్చెయ్. దాని మీద పెద్ద చార్టులు అంటించి, గీసుకోవలసింది ఇక్కడే అని చెప్పు. మిగతా గోడల మీద గీతలు పడవని నేననను, తగ్గుతాయి. ఆ గీతలకోసం వాణ్ణి కొట్టొద్దని నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను. వచ్చినవాళ్లెవరైనా "ఇల్లు ఇలా ఉంచావేంటి" అంటే, పిల్లలున్న ఇల్లండీ అని చెప్పి కాఫీ ఇచ్చి పంపించు. గాజు టీపాయ్ కొనబోతున్నారని విన్నాను. వద్దు. ఆ డబ్బు గ్రిల్‌కి పెట్టండి.

నీ సంగతి నువ్వు చూసుకోవడం కూడా ముఖ్యం. పొద్దున్నుంచి రాత్రిదాకా నాలుగు గోడల మధ్య ఇద్దరు పిల్లలతో, ఒక్క పెద్దమనిషితోనూ మాట లేకుండా ఉంటే ఎవరికైనా చికాకొస్తుంది, ఏడుపొస్తుంది. సాయంత్రం అయిదింటికి పిల్లల్ని తీసుకుని కిందికి దిగు. అక్కడ నీలాంటి తల్లులు ఇంకా ఉంటారు. పార్కింగ్‌లో మాత్రం పాపని చంకలోంచి దించకు. వెనక్కి తీసే కారులోంచి అంత చిన్నపిల్ల కనపడదు. రాత్రి బకెట్లు బోర్లించడం, గ్యాస్ ఆపడం, గడియలు చూడడం మీ ఆయనకి అప్పజెప్పు. "సాయం చేస్తాను" అంటే సరిపోదు, అది ఆయన పనే అవ్వాలి. వారానికి ఒక పూట పిల్లల్ని ఆయన దగ్గర వదిలి నువ్వు పడుకో.

రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి దగ్గర్లో ఏదో కనుక్కుని, పగలు ఒకసారి ఆ దారిలో వెళ్లిరండి. ఆ నంబరూ, 108, ఎదురింటివాళ్ల నంబరూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు.

టీకాల కార్డు ఏ పెట్టెలో ఉందో వెతికి పైకి తీసి పెట్టు. పాపకి వచ్చే నెల 16 నెలలు నిండుతాయి. తట్టు, రుబెల్లా టీకా రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. ఊరు మారినా పాత కార్డే చెల్లుతుంది, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లు. డీపీటీ వేసిన రాత్రి జ్వరం రావచ్చు, తొడ వాచి ఏడవచ్చు. పాప బరువు చూసి పారాసిటమాల్ ఎంత వేయాలో అక్కడే కార్డు వెనక రాయించుకో.

మీ ఇద్దరికీ, పిల్లలకీ ఆశీస్సులు.

మీ పెద్దమ్మ