‘నమూనా’ అనే మాట దగ్గర ఆగు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆర్కిటిక్ కాలుష్యం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శైలి బాగుంది. ఒక్క వాక్యమే నన్ను ఆపేసింది: ‘స్థానికుల సహకారంతో శాస్త్రవేత్తలు నమూనాలు సేకరించారు.’ వ్యాసానికి గుండెకాయ లాంటి పనిని అయిదు మాటల్లో దాటేశావు.

ముందు చిన్న దిద్దుబాట్లు. ‘రెండు ధ్రువాల ఆదివాసులు’ అనకు. అంటార్కిటికాలో మూలవాసులు లేరు. నువ్వు రాస్తున్నది కెనడా ఉత్తర తీరాల ఇన్యూట్‌ల గురించి. ‘ఎస్కిమో’ అని పిలవడం వాళ్లకు ఇష్టం ఉండదు, తీసెయ్. ఒక్క మనిషి గురించి రాసేటప్పుడు ‘ఇనుక్’ అనాలి.

ఇక నమూనా సంగతి. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌లో ఒక వేటగాడు ఇంటి తిండి కోసం రింగ్డ్ సీల్ అనే సముద్ర జంతువును వేటాడతాడు. దాన్ని వాళ్లు నట్టిక్ అంటారు. కోసేటప్పుడే పరిశోధనకు కావలసినవి విడిగా తీస్తాడు: కొవ్వు, కార్జం, కండ, కింది దవడ. కొవ్వును పైపైన గీకితే చాలదు, చర్మం నుంచి కండ దాకా పూర్తి మందంతో ముక్క కోయాలి. లోపలి పొర త్వరగా కరిగి మళ్లీ పేరుకుంటుంది, బయటి పొర అంతగా మారదు. సగం మందమే తీస్తే లెక్క తప్పుతుంది. పీసీబీల వంటి, కొవ్వులో పేరుకునే పారిశ్రామిక రసాయనాల పరీక్షకు ఆ ముక్కను శుభ్రం చేసిన అల్యూమినియం రేకులో చుడతారు, ఎందుకంటే ప్లాస్టిక్ నుంచి వచ్చే రసాయనాలు కొవ్వులోకి దిగుతాయి. తూటా దిగిన చోటి కండ తీసుకుంటే సీసం పరీక్ష పాడవుతుంది. ప్రయోగశాలకు తీసుకెళ్లే విమానం ఆలస్యమై ముక్క కరిగి మళ్లీ గడ్డకడితే నీరు కారిపోతుంది, గ్రాముకు ఎంత అన్న అంకె పెరిగిపోతుంది.

దవడ ఎందుకని అడుగుతావేమో. కోర పన్నును పలచగా కోసి, చెట్టు వలయాల్లాంటి పొరలు లెక్కపెట్టి వయసు తెలుసుకుంటారు. వయసుతో పాటు పాదరసం పెరుగుతుంది. పీసీబీలు మగ సీళ్లలో పోగవుతూనే ఉంటాయి, ఆడవాటిలో కొంత భాగం పాల ద్వారా పిల్లలకు పోతుంది. ఆడా మగా, వయసు ఎంత అన్నది తెలియకుండా ఈ ఏటి అంకెను పదేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి ‘పెరిగింది’ అని రాయలేం.

కొలబద్దకు అందని తెలివి కూడా ఒకటుంది. బొచ్చు రాల్చే కాలంలో సీళ్లు మంచు మీదే పడుకుని తక్కువ తింటాయి, బక్కచిక్కుతాయి. కొవ్వు పలచబడినప్పుడు మిగిలిన కాస్త కొవ్వులోనే రసాయనం చిక్కబడుతుంది. అప్పుడు వేటాడితే సీలు తేలకుండా నీళ్లలో మునిగిపోతుందని వేటగాడికి తరతరాలుగా తెలుసు. ఏ నెలలో, ఏ మంచు అంచున, ఎంత కండపుష్టి ఉన్న సీలు అని అతను రాసి ఇచ్చే నాలుగు మాటలు కూడా కొలతలో భాగమే. ‘సహకారం’ అనే మాట దానికి సరిపోదు.

అంకెలు రాసేటప్పుడు ప్రమాణం చూడు. నానోగ్రాములు (గ్రాములో వంద కోట్లవ వంతులు) మొత్తం ముక్క బరువులోనా, అందులోని కొవ్వు బరువులోనా? కార్జంలో కొవ్వు 4 శాతం అనుకో. ముక్క గ్రాముకు 10 నానోగ్రాములు ఉంటే, కొవ్వు గ్రాముకు అదే 250 అవుతుంది. ఈ రెండు పద్ధతులనూ ఒకే పట్టికలో కలిపేసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. ‘గుర్తించగల స్థాయి కంటే తక్కువ’ అన్నదాన్ని ‘లేదు’ అని కూడా రాయకు.

1980ల చివర్లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లో తల్లిపాలు పరీక్షించినప్పుడు, దక్షిణ క్యూబెక్ తల్లుల పాలకంటే పీసీబీలు సుమారు 5 రెట్లు ఉన్నాయి. శుభ్రమైన ప్రాంతం కదా, పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని తీసుకున్న పాలవి! వెచ్చని దేశాల్లో ఆవిరై, చలి దేశాల్లో దిగి, నాచు నుంచి చేపకు, చేప నుంచి సీలుకు చిక్కబడుతూ వచ్చిన విషం అది. ఇలాంటి విషాలను అరికట్టే ఒప్పందం కోసం 1999లో నైరోబీలో జరిగిన చర్చల్లో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే ఇన్యూట్ తల్లీబిడ్డల శిల్పాన్ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అధిపతికి అందజేశారు. ఆ చర్చల ఫలితమైన 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం పీఠికలో ఆర్కిటిక్ మూలవాసుల ప్రస్తావన ఉంది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన పురుగుమందు ఎండోసల్ఫాన్ ఆర్కిటిక్ గాలిలోనూ దొరికింది, 2011లో ఆ ఒప్పందం అరికట్టే రసాయనాల జాబితాకెక్కింది. మన రైతులతో ఉన్న ఈ ముడి నీ వ్యాసంలో రెండు వాక్యాలకు మించనివ్వకు. కథ వాళ్లది.

చివరి పేరాలో ‘వారి ఆహారమే విషం’ అన్నావు. అమ్మా, అది తప్పు. ఆ ఆహారంలో ఇనుము, సెలీనియం, ఒమేగా-3 ఉన్నాయి. పాలలో పీసీబీలు బయటపడ్డాక కూడా తల్లులకు ఇచ్చిన సలహా పాలివ్వడం మానొద్దనే. నునావిక్‌లో పాదరసం ఎక్కువగా వచ్చేది బెలూగా తిమింగలం మాంసం నుంచి. ఎండబెడితే నీరు పోయి ఇంకా చిక్కబడుతుంది. అందుకే 2011లో అక్కడి ఆరోగ్య అధికారులు గర్భిణులు ఆ మాంసం తగ్గించాలన్నారు తప్ప సముద్రపు తిండంతా మానమనలేదు. ఏ జంతువు, ఏ భాగం, పచ్చిదా ఎండుదా, ఎవరికి అన్న నాలుగూ పెట్టి ఆ పేరా తిరగరాసి పంపు.