గాటెన్ తప్పా?

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చే మెయిళ్లలో ‘హ్యాజ్ గాటెన్’ అని కనిపిస్తోంది. బళ్లో ‘గెట్, గాట్, గాట్’ అనే నేర్పారు. ఏది ఒప్పండీ?

జవాబు: రెండూ ఒప్పే. గాటెన్ కొత్తగా పుట్టిన మాట కాదు. ఇంగ్లండులో పూర్వం ఉన్నదే. అక్కడ వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. ‘ఫర్‌గాటెన్’ అని బ్రిటిష్‌వాళ్లూ అంటారు కదా!

అయితే అమెరికన్లు ప్రతిచోటా గాటెన్ వాడరు. మనవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారుంది. ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నాను. ‘హ్యావ్ గాట్ టు గో’ అంటే వెళ్లి తీరాలి. అక్కడ గాటెన్ పెడితే వెళ్లే అవకాశం దొరికిందని అర్థం మారిపోతుంది. బ్రిటిష్ పద్ధతిలో అన్నింటికీ గాటే. మన పరీక్షల్లో అదే రాయండి.